బొట్టుబిళ్ళల అద్దం

నేను అబద్ధాలు చెబుతాను. ముందే ఒప్పుకుంటున్నాను కాబట్టి తర్వాత ఎవరూ నన్ను నిలదీయకూడదు. సంగారెడ్డిలో కంపెనీ బస్సెక్కి పటాన్‌చెరు గేటు ముందు దిగేదాకా తోటి ఆడవాళ్ళను నిద్రపోనివ్వకుండా చూడటం పదిహేనేళ్ళుగా నా పని. మంజీర ఒడ్డున మా మేనత్త మొసలి వీపును బండ అనుకుని దాని మీద మూడు చీరలు ఉతికిందని చెప్పాను. నాలుగో చీర కొంగు సరిగ్గా పిండలేదని మొసలే తల తిప్పి చూసిందని కూడా చెప్పాను. నమ్మినవాళ్ళున్నారు. ఆ మొసలి ఇంకా ఉందా అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు రాస్తున్నది అలాంటిది కాదు. కోపం వచ్చినప్పుడు నాకు అబద్ధం కుదరదు. మూడు నెలలుగా కోపంగానే ఉన్నాను. కారణం ఒక అద్దం.

మాది మందుబిళ్ళల కంపెనీ. ప్యాకింగులో పాతికమంది దాకా ఆడవాళ్ళం. బిళ్ళలు రేకులోకి వెళ్ళే చోట పని కాబట్టి ఒంటి మీద ఊడిపడేది ఏదీ ఉండకూడదు. గాజులు, పూలు, కమ్మలు, బొట్టు, అన్నీ బయటే తీసేయాలి. దీని గురించి నాకు తగువేమీ లేదు. ఎవరో జ్వరంతో మింగే బిళ్ళ పక్కన నా మల్లెరేకు ఎందుకుండాలి?

లోపలికి వెళ్ళాలంటే రెండు గదులు దాటాలి. రెండో గదిలో తెల్ల గౌను, నుదురు మూసి మెడ దాకా దిగే టోపీ, మూతికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుంటాం. అక్కడ కంపెనీవాళ్ళ నిలువుటద్దం ఉంది. పక్కనే ‘ఇలా ఉండాలి’ అని ఒక బొమ్మ అంటించారు. ఆ అద్దంలో కళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఒకరోజు అందులో నన్ను చూసి పక్కనామె అనుకుని కాస్త జరగమన్నాను.

మొదటి గది మాది. చెప్పులు, సంచులు, టిఫిన్ డబ్బాలు పెట్టుకునే గది. ఆ గోడకు ఉండేది మా అద్దం.

అది అక్కడికి ఎలా వచ్చిందో కొత్తగా చేరినవాళ్ళకు నేను మూడు రకాలుగా చెప్పేదాన్ని. ఒక నవాబుగారి బేగం అలిగి కిటికీలోంచి విసిరితే పగలకుండా నేల మీద నిలబడిందన్నది వాటిలో అందరికీ నచ్చిన కథ. నిజం ఏమిటంటే, ఇంద్రేశంలో ఉండే నా స్నేహితురాలి ఇంట్లో చెక్క బీరువా తలుపు ఊడిపోయింది. తలుపు పొయ్యిలోకి పోయింది, దాని అద్దాన్ని ఆమె దుప్పట్లో చుట్టి బస్సెక్కించింది. నలుగురం ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డలా తెచ్చాం. మేకు కొట్టింది నేను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆమెకు దాని గురించి ఏ కథ చెప్పానో ఇప్పుడు గుర్తులేదు.

నా స్నేహితురాలు చర్చికి పోయే మనిషి. బొట్టు పెట్టుకోదు. అద్దం ఇచ్చింది మాత్రం ఆమే.

“మీ బొట్లన్ని మోసే గతి పట్టింది నా అద్దానికి” అనేది.

“నీకు పుణ్యమొస్తది తియ్యే” అనేదాన్ని.

“మా దగ్గర పుణ్యం గిట్ల దొరకది. అద్దం తుడిస్తె దొరుకుతదేమో, తుడువు.”

బొట్లు మోయడం ఏమిటంటే, పొద్దున లోపలికి పోయేముందు ప్రతి మనిషీ నుదుటి మీది స్టిక్కర్ తీసి అద్దం మీద తన చోట అంటిస్తుంది. షిఫ్టు అయ్యాక వచ్చి తీసి మళ్ళీ పెట్టుకుంటుంది. ఎవరి చోటు వాళ్ళదే, ఏ కాగితం మీదా రాసుకోలేదు. నాది ఎడమవైపు పైన, పాదరసం పెచ్చు లేచిన మూల. హత్నూర నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఒకామె పొట్టిది, ఆమెది కుడివైపు కింద. జిగురు తగ్గిన బిళ్ళను అద్దం అంచుకు జరిపి ప్యాకెట్టులోంచి కొత్తది పెట్టుకునేవాళ్ళం. రిటైరై వెళ్ళినవాళ్ళ బిళ్ళలూ అద్దం మీదే ఉండేవి. ఒకామె చనిపోయింది. ఆమె బిళ్ళ నడిమధ్యలో ఉండేది. ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. ఆ చోట నా ముక్కు పడేది కాబట్టి రోజూ ఆమెను ముక్కుపుడకలా పెట్టుకుని తల దువ్వుకునేదాన్ని. ఆమె బతికి ఉంటే దానికి కడుపుబ్బ నవ్వేది.

మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు అయిపోతుంది. బస్సు రెండూ ఇరవైకి. మధ్యలో మాకు దక్కేది పదిహేను నిమిషాలు. పొద్దున ఇంట్లో అద్దం చూసుకునే తీరిక మాలో ఒక్కరికీ లేదు. చీకట్లోనే లేచి వండి, డబ్బాలు కట్టి, చేతితో తడుముకుని బొట్టు పెట్టుకుని పరుగెత్తేవాళ్ళం. ఎనిమిది గంటలు ఒకరి కళ్ళు ఒకరు చూసుకుంటూ నిలబడి పనిచేశాక, ఆ టోపీ తీసి, మాస్కు తాడు బుగ్గ మీద వేసిన గీతతో, చెమటకు అతుక్కున్న జుట్టుతో మా ముఖం మాకు మొదటిసారి కనబడేది ఆ అద్దంలోనే. హత్నూర ఆమె తడిగుడ్డలో చుట్టిన పూలు డబ్బాలోంచి తీసి పెట్టుకునేది. కింద కుడివైపు వంగి తన బిళ్ళ తీసుకుని నుదుటి మీద నొక్కేది. తల అటొకసారి, ఇటొకసారి తిప్పి చూసుకుని అద్దంలో మనిషితో, “ఆఁ, ఇగ నడువు” అనేది. ప్రతిరోజూ అదే మాట. అది అన్న తర్వాతే ఆమెకు ఇల్లు, పొలం, కోళ్ళు గుర్తొచ్చేవి.

నాకు ఇంతకన్నా మంచి పదిహేను నిమిషాలు రోజు మొత్తంలో లేవు. ఇంట్లో లేవు, పండగలో లేవు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు, వెతక్కండి.

ఆ రోజు తప్పు నాది. పొద్దున మొదటి గదిలో హత్నూర ఆమెకు కథ చెబుతున్నాను. మా ఊరి కోడిపుంజు ఒకటి ఫ్యాక్టరీ సైరన్‌కు అలవాటుపడి మూడు షిఫ్టులూ కూయడం మొదలుపెట్టిందనీ, ఓవర్‌టైము ఇవ్వలేదని ఒక ఆదివారం సమ్మె చేసిందనీ. ఆమె నవ్వి నవ్వి గోడకు ఒరిగిపోయింది. గాజులు తీసింది, పూలు తీసింది, నవ్వుతూనే రెండో గదిలోకి వచ్చి టోపీ లాక్కుంది. ఆమె నుదుటి మీద బొట్టు ఉందని ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. కంపెనీవాళ్ళ అద్దంలో కళ్ళు మాత్రమే కనబడ్డాయి. అవీ నవ్వుతున్నాయి.

పదకొండు గంటలకు మిషను ఆగింది. రేకులో ఒక బిళ్ళ పక్కన ఎర్రటి చుక్క పడి ఉందని మిషను మీది కెమెరా కనిపెట్టి ఆ రేకును పక్కకు తోసింది. ఆ లాటు మొత్తం ఆపి పక్కన పెట్టారు. ఒక్క బిళ్ళ కూడా గేటు దాటలేదు. మమ్మల్ని మాత్రం అందర్నీ బయటికి పొమ్మన్నారు. టోపీలు తీసేటప్పుడు హత్నూర ఆమె చేయి నుదుటికి పోయింది. పొద్దున తీయని బొట్టు అక్కడ లేదు, చెమటకు జారిపోయింది. ఆమె ముఖం చూసి నాకు అర్థమైంది.

“అక్కా, నాదే” అంది. “నన్ను తీసేస్తరా?”

“నోరు మూసుకో. నీకేం ఎరుక లేదు” అన్నాను.

తీసేస్తారు. అంతకుముందు ఏడాది పనివేళలో చేతికి దారం ఉంచుకున్నందుకు ఒకామెను ఇంటికి పంపారు. హత్నూర ఆమె భర్తకు నడుం పడిపోయింది, ఉన్న రెండెకరాలూ కౌలుకిచ్చారు. ఆమె జీతంతోనే ఆ ఇల్లు నడుస్తోంది.

మేము మొదటి గదికి వచ్చేసరికి సెక్యూరిటీ ఆమెను గుమ్మంలో నిలబెట్టి, ఎవరూ సంచి ముట్టకూడదన్నారు. నా సంచిలో స్టిక్కర్ల ప్యాకెట్టు ఉంది, ఒకటి తీసి హత్నూర ఆమె చోట అంటిద్దామంటే చేతికి అందదు. క్వాలిటీ ఆఫీసరు వచ్చాడు. తెల్లాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో ఉండే మనిషి, మర్యాదగానే మాట్లాడతాడు. అద్దం ముందు నిలబడి ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు.

“ఎవరి బొట్టు ఇక్కడ లేదో వాళ్ళే చెప్తే మంచిది” అన్నాడు.

హత్నూర ఆమె నోరు తెరవబోయింది. ఆమెకన్నా ముందు నేను మొదలుపెట్టాను.

“సార్, లెక్క పెడితె తెల్వది. ఇండ్ల ఉన్నోళ్ళవి, పోయినోళ్ళవి, రిటైరైనోళ్ళవి అన్ని ఉన్నయి. గిది సూడుండ్రి, రిటైరై పోయిన సదాశివపేట అక్కది. ఆమెకు మోకాళ్ళు నొచ్చిన్నాడు గిది జెర కిందికి జారుతది. ఫోన్ చేసి అడుగుండ్రి కావాల్నంటె.”

“నాకు అవన్నీ వద్దమ్మా. బొట్టు లోపలికి ఎలా వచ్చింది?”

“గాలికి సార్.”

“గాలికా?”

“జిగురు పోయినయి ఊకుంటయా? మీ ఏసీ గాలికి లేస్తయి. తూనీగల లెక్క తిరిగి మళ్ళ వచ్చి అద్దం మీద కూసుంటయి. తలుపు తెర్సినప్పుడు ఒకటి దారి తప్పింది. నేను నా కండ్లతోని చూసిన.”

వెనక ఎవరో దగ్గినట్టు నవ్వారు. నా స్నేహితురాలు తల వంచుకుని ప్రార్థన చేస్తున్నట్టు నిలబడింది. ఆమె భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

లోపలి గాలి బయటికి తోస్తుందే కానీ బయటి గాలిని లోపలికి రానివ్వదు. ఆ ఏర్పాటు చేసిన మనిషే ఆయన. అయినా నేను చెప్పింది రాసుకున్నాడు. ఆ వేళప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆయనకు సాయంత్రంలోగా ఒక కారణం కావాలని, మనిషి కారణమైతే విచారణలు, సంజాయిషీలు, పైవాళ్ళ ప్రశ్నలు ఉంటాయని, అద్దం కారణమైతే ఒక స్క్రూడ్రైవరు చాలని నాకు తట్టలేదు.

మర్నాడు మేము దిగేసరికి ఇద్దరు మనుషులు అద్దాన్ని దింపి నేల మీద పెట్టి, బ్లేడుతో బిళ్ళలు గీకుతున్నారు. దూరం నుంచి పని కోసం వచ్చినవాళ్ళు, వాళ్ళ తప్పేముంది? “ఏ శీషా కిదర్ రఖ్నా హై, దీదీ?” అని ఒకతను నన్నే అడిగాడు. ఎక్కడ పెట్టాలట. నడిమధ్యలో ఉన్న చనిపోయినామె బిళ్ళ అప్పటికే మిగతా వాటితో కలిసి చీపురు ముందుకు పోయింది. వంగి వెతికాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఆమెదో చెప్పలేకపోయాను. పదిహేనేళ్ళు ప్రతి బిళ్ళకూ ఒక కథ అల్లినదాన్ని, ఆ రోజు ఒక్కదాన్ని కూడా గుర్తుపట్టలేకపోయాను.

గోడ మీద నోటీసు అంటించారు. వీలైనవారు బొట్టు ఇంటి దగ్గరే తీసేసి రావాలట. దాన్ని చదివి వినిపిస్తున్న ఆఫీసరుతో హత్నూర ఆమె అంది: “సార్, మా ఊర్ల బొట్టు లేకుంట బస్టాండ్ దాక నడిస్తె, నేను బస్సెక్కకముందే మా ఇంటికి పరామర్శకు వస్తరు. మా ఆయన మంచంల లేసి కూసోని నేనింక ఉన్ననని చెప్పుకోవాలె.”

అందరం నవ్వాం. ఆఫీసరు నవ్వలేదు. నోటీసూ తీయలేదు, అద్దమూ తిరిగి పెట్టలేదు.

రెండు వారాల తర్వాత క్యాంటీన్‌లో కుర్చీలు వరసగా వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. రోజువారీ జీవితంలో సంతోషం వెతుక్కోవడం ఎలా, ప్రతి క్షణం తెలిసి బతకడం ఎలా అన్నది ఆయన చెప్పే విషయం. మమ్మల్ని కళ్ళు మూసుకోమన్నాడు. నిలబడి పనిచేసేవాళ్ళను కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంటే ఏమవుతుంది? ముందు వరసలో గురక వినబడింది. ఆయన దాన్ని ధ్యానం అనుకుని మెచ్చుకున్నాడు.

“ఇప్పుడొక చిన్న అలవాటు చెప్తాను. రోజుకు రెండే రెండు నిమిషాలు. అద్దం ముందు నిలబడండి. మీ ముఖాన్ని మీరు ప్రేమగా చూసుకోండి. నవ్వండి. మీతో మీరు ఒక మంచి మాట అనుకోండి.”

నాకు చెవుల్లోంచి పొగ వచ్చింది. పటాన్‌చెరులో ఎవరి పొగ ఎవరిదో తేలదు కాబట్టి ఎవరూ గమనించలేదు. లేచి నిలబడ్డాను.

“సార్, ఏ అద్దం ముందట?”

“ఏ అద్దమైనా అమ్మా. ఇంట్లో...”

“ఇంట్ల నాలుగింటికి లేస్తం. మా మనుమరాలి జడ ఏసుడు, డబ్బలు కట్టుడు అయితది గాని అద్దం దిక్కు సూసుడు కాదు. మాకొక అద్దం ఉండె, సార్. గీ గోడ అవతల. మీరిప్పుడు చెప్పిన పని మేము ఏండ్ల సంది చేస్తున్నం. ఎవ్వలు నేర్పలే. గీ చెల్లె,” అని హత్నూర ఆమెను చూపించాను, “రోజు దానితోని మంచి మాట కూడ అంటుండె. మరి దాన్ని ఎందుకు తీసిండ్రు?”

ఆయన పక్కనున్న మేనేజరు వైపు చూశాడు. మేనేజరు టీ కప్పు వైపు చూశాడు.

“సంతోషం బయట వస్తువుల్లో ఉండదమ్మా, లోపల...”

“లోపలి అద్దంల కండ్లే కనవడుతయి సార్” అని వెనక నుంచి నా స్నేహితురాలు అంది. ఆమె సభలో నోరు తెరవడం నేను చూసింది అదే మొదటిసారి.

గదంతా చప్పట్లు. వచ్చినాయన అవి తనకే అనుకుని నమస్కారం పెట్టాడు.

ఇక్కడే నా కోపం అసలు ముదిరింది. సంతోషం మనసులో ఉంటుందని చెప్పేవాళ్ళకు మన గోడలోంచి మేకు పీకడం ఎంత సులువో చూడండి. లోపల ఉన్నదానికి గోడ అక్కర్లేదు, మేకు అక్కర్లేదు, పదిహేను నిమిషాలూ అక్కర్లేదు. అన్నీ తీసేసుకుని, ఇప్పుడు వెతుక్కోండి అంటారు. పైగా నేర్పడానికి మనిషిని పంపిస్తారు. మేము ఏమరుపాటుగా బతికినవాళ్ళం కాము. కదులుతున్న బస్సులో బీరువా అద్దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుంత వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టినవాళ్ళం. తెలిసి బతకడమంటే మాకు అదే.

దరఖాస్తు పెట్టుకోండి, చూద్దాం అన్నాడు మేనేజరు. పెట్టాం. కాగితం మీద ‘కారణం’ అని ఒక గడి ఉంది. అందరూ నా వైపు చూశారు. కారణాలు పుట్టించడంలో నాకు పేరుంది కదా. కానీ నేను ఆ గడిలో ఒక్క వాక్యం, నిజం రాశాను: పని అయిపోయాక మా ముఖాలు మేము చూసుకోవడానికి. అందరం సంతకాలు చేశాం. వారం తర్వాత తిరిగి వచ్చింది. రెండో గదిలో అద్దం ఉన్నందున అవసరం లేదని రాసి ఉంది. నేను గాలి గురించి చెప్పిన అబద్ధం ఫైలులో భద్రంగా ఉంది. నిజం వాపసు వచ్చింది.

ఆ రోజు బస్సెక్కేముందు హత్నూర ఆమె నా చేయి పట్టుకుంది. “అక్కా, నేనే పోయి చెప్త. నాదే అని. అద్దం తప్పేం లేదని. నా ఒక్కదాని కోసం ఇంతమంది...”

“పో, చెప్పు. మీ ఆయన్ను నీ కోళ్ళు సాదుతయా?” అని కసురుకుని ఆమెను బస్సెక్కించాను. నేను ఎక్కలేదు. ఆఫీసరు గదికి వెళ్ళాను.

“సార్, ఆ బొట్టు నాది. తీసుడు మర్చిపోయిన. గాలి కథ నేనే అల్లిన. అద్దం మీద కేసు కొట్టేయుండ్రి, నా మీద పెట్టుండ్రి” అన్నాను.

ఆయన ఫోన్ తీసి ఆ రోజు ఫోటో నా ముందు పెట్టాడు. ఎడమవైపు పైన, పెచ్చు లేచిన మూల నా బిళ్ళ స్పష్టంగా ఉంది. ఆయన వేలు నెమ్మదిగా కుడివైపు కిందికి జరిగింది. ఏళ్ళ తరబడి అంటించి తీసిన చోట జిగురు మచ్చ గుండ్రంగా ఉంది. దాని మీద బిళ్ళ లేదు.

“ఈ చోటు ఎవరిదో అడగమంటారా అమ్మా?”

ఫోన్‌ను ఆయన వైపే తోసేశాను.

“ఆ రోజే తెలుసు నాకు. అందుకే మీరు చెప్పింది చెప్పినట్టు రాశాను. ఎవరి ఉద్యోగమూ పోలేదు. సంతోషించండి” అన్నాడు.

సంతోషించాలట. ఆయన చెడ్డవాడు కాదు. అదే నా కోపానికి అడ్డం పడుతుంది. ఒక మనిషిని కాపాడాడు, కాదనను. కానీ టోపీ వేసుకునేముందు మా నుదుళ్ళు చూడటానికి ఒక మనిషిని నిలబెట్టొచ్చు. అద్దాన్ని కడిగి బొట్లు పెట్టుకోవడానికి పక్కన ఒక రేకు తగిలించొచ్చు. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. మేము పోగొట్టుకున్నది ఒక వస్తువని కూడా వాళ్ళ లెక్కలో లేదు.

ఆ రోజు ఆర్టీసీ బస్సులో నిలబడి ఇంటికి వచ్చాను.

ఇప్పుడు షిఫ్టు అయ్యాక మేము ఒకరికి ఒకరం బొట్టు పెట్టుకుంటున్నాం. స్టిక్కర్లు ఎవరి డబ్బా మూతకు వాళ్ళు అంటించుకుంటాం. టోపీ వేసుకునేముందు ఒకరి నుదురు ఒకరం తడిమి చూస్తాం. ఆ నియమం మేమే పెట్టుకున్నాం, ఏ నోటీసూ అక్కర్లేకపోయింది. ఈ మాట విని ఎంత బాగుంది అనేవాళ్ళుంటారు. దయచేసి అనకండి. మాకు అద్దం కావాలి. ప్రతి సోమవారం దరఖాస్తు పెడుతున్నాను. వాపసు వచ్చినవన్నీ నా సంచిలోనే ఉన్నాయి.

పోయిన శనివారం నాకు బొట్టు పెట్టింది నా స్నేహితురాలు.

“సక్కగున్నదా?” అని అడిగాను.

“సక్కగనే ఉన్నది.”

సంగారెడ్డిలో దిగాను, కూరగాయల దగ్గర బేరమాడాను, కిరాణాకొట్లో నిలబడ్డాను, దారిలో ఇద్దరితో మాట్లాడాను. ఇంటికి వెళ్ళాక నా మనుమరాలు చెప్పింది, బొట్టు కనుబొమ్మ మీద ఉందని. సోమవారం పొద్దున బస్సులోనే ఆమెను పట్టుకున్నాను.

“ఏందే, కనుబొమ్మ మీద పెట్టినవ్?”

“నాకేమెరుక? నేను జన్మల బొట్టు పెట్టుకున్ననా?”

“మరి సక్కగున్నదంటివి?”

“నీ ముఖం సక్కగున్నదన్న.”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఒప్పుకుంటాను. కానీ ఆ మధ్యాహ్నం దరఖాస్తులో ఎప్పటి వాక్యం కింద ఇంకొకటి కలిపాను: శనివారం నా బొట్టు కనుబొమ్మ మీద ఉంది, ఇంటికి వెళ్ళేదాకా నాకు తెలియలేదు.